స్పీకరు పెట్టెలో పద్దు పుస్తకం

మన సంఘం హాలుకు కొత్త స్పీకరు పెట్టెలు కొనాలన్న ప్రతిపాదన కార్యవర్గం ముందుంది. చూసిన రెండు రకాల్లో ఒకదాని ధర రెండోదానికి రెట్టింపు. ‘దీంట్లో లెక్కలు చేసే శక్తి ఎక్కువండీ’ అంటున్నారు అమ్మేవారు. ఆ శక్తి మనకెంతవరకు అక్కరకొస్తుందో తెలుసుకున్నాకే సభ్యులు చెయ్యెత్తితే బాగుంటుందని ఈసారి ఈ విషయం ఎత్తుకున్నాను.

మంచి పెట్టెలో మూడు స్పీకర్లుంటాయి. మృదంగం తొప్పి నాదానికి పెద్దది, గొంతుకు మధ్యది, తాళాల గణగణకు చిన్నది. వచ్చిన శబ్దాన్ని ఈ మూడింటికీ పంచేది క్రాసోవర్. పూర్వం తీగచుట్టలు, కండెన్సర్లు ఆ పని చేసేవి. ఇప్పుడు శబ్దాన్ని సెకనుకు 48,000 అంకెలుగా మార్చి, ఒక చిప్పు గుణకారాలతో పంచుతుంది.

ఇందులో రెండు పద్ధతులు. మొదటిది మన పాస్‌బుక్కు లాంటిది. నిన్నటి నిల్వకు నేటి జమ కలిపితే చాలు. 1976లో లింక్‌విట్జ్ ప్రచురించిన, రైలీ పేరు కూడా కలిపి పిలిచే విభజనకు హద్దులో ఒక్కో పక్క, ఒక్కో అంకెకు 10 గుణకారాలు సరిపోతాయి. అంటే సెకనుకు 4,80,000. చవక చిప్పుకు కూడా ఇది తేలికే. స్వరాల మధ్య కాస్త ముందువెనుకలు వస్తాయి గాని, చెవి సాధారణంగా వాటిని పట్టలేదు.

రెండోది, ప్రతిసారీ పాత పద్దులన్నీ మళ్లీ కూడే పద్ధతి. స్వరాలన్నీ సమానమైన ఆలస్యంతో, వరుస చెదరకుండా వస్తాయి. కాని మంద్రస్థాయిలో 10 హెర్ట్జ్ తేడాను పట్టాలంటే 4,800 పద్దులు కావాలి. ఒక్క స్పీకరుకే సెకనుకు 23 కోట్ల గుణకారాలు. రెండు పెట్టెల్లోని ఆరింటికీ 138 కోట్లు!

దీనికీ ఉపాయముంది. 300 హెర్ట్జ్ దాటని పెద్ద స్పీకరుకు సెకనుకు 3,000 అంకెలు చాలు. అప్పుడు 300 పద్దులతో అదే పని 9 లక్షల గుణకారాల్లో తెములుతుంది. అంకెలు తగ్గించి మళ్లీ పెంచే ఖర్చు కొంత అదనం. కాబట్టి శక్తి కొరత దాటరానిదేమీ కాదు.

దాటరానిది కాలం. ఆ పద్దుల్లో సగం లోపలికి వచ్చేదాకా శబ్దం బయటికి రాదు. అది 50 మిల్లీసెకన్లు. ఎంత ఖరీదైన చిప్పు పెట్టినా తగ్గదు. రికార్డు చేసిన పాటకు ఫరవాలేదు. వేదిక మీద పాడేవారికి మాత్రం స్పీకర్లలోని తమ గొంతు మరో 17 మీటర్లు వెనక్కి జరిగినట్టు వినబడుతుంది. మృదంగం వాయించేవారి చెయ్యి తడబడుతుంది.

మన హాల్లో జరిగేవి ఉగాది కవిసమ్మేళనం, హరికథ, పిల్లల పద్యపఠనం. బడిలో కన్నడం, ఇంగ్లీషు చదివే మన పిల్లలకు తెలుగు చాలావరకు చెవి ద్వారానే అందుతోంది. ‘శ’కూ ‘స’కూ తేడా తెలిపే ధ్వనులు ఎక్కువగా 2,000 హెర్ట్జ్‌కు పైనే ఉంటాయి. మధ్య, చిన్న స్పీకర్ల హద్దు తరచు ఆ చుట్టుపక్కలే పడుతుంది. ఆ హద్దు కుదర్చడానికి పాస్‌బుక్కు పద్ధతే చాలు.

అందుచేత నా ఓటు తక్కువ ధరదానికే. మిగిలిన సొమ్ముతో మంచి మైకులు రెండు కొందాం. తెలిసిన మనిషిని పిలిచి, హాల్లోనే కొలతలు తీయించి, హద్దులు సరిచేయిద్దాం. వెనక వరుసలో కూర్చున్న పిల్లవాడికి పద్యంలో ప్రతి అక్షరం వినబడితే, పెట్టిన డబ్బు సద్వినియోగమైనట్టే. మీరేమంటారో సర్వసభ్య సమావేశంలో చెప్పండి.