మరిగిస్తే ఉప్పు పోదు, వాన నీటిని పోనివ్వకండి

బి.పి. ఉన్నవారికి డాక్టరు గారు ముందుగా చెప్పే మాట, ఉప్పు తగ్గించమని. మనవాళ్లు ఆవకాయ మానేస్తారు, అప్పడాలు మానేస్తారు. తాగే నీళ్ల సంగతి మాత్రం ఆలోచించరు. మన కోనసీమలో సముద్రం వైపు ఉన్న చాలా గ్రామాల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వేసవిలో కాలువలు కట్టేస్తే ఎంతోమందికి ఆ బోరే దిక్కు. అంబాజీపేట అనగానే గుర్తొచ్చే కొబ్బరిచెట్టు కొంత ఉప్పును ఓర్చుకుంటుంది. మన గుండె, కిడ్నీలు అంతగా ఓర్చుకోలేవు.

"కాచి తాగుతున్నాం కదండీ" అంటారు. కాచడం మంచిదే, క్రిములు చస్తాయి. కాని ఉప్పు పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఉప్పదనం కాస్త పెరుగుతుంది కూడా.

మరి గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది ఏమిటి? అది చాలావరకు కాల్షియం కార్బొనేట్ అనే సున్నపు లవణం. దానిమీద నిమ్మరసం పిండి చూడండి, నురగ వస్తుంది. నిమ్మరసంలోని ఆమ్లం కార్బొనేట్‌తో కలిసి బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. కోడిగుడ్డు పెంకు మీద పిండినా ఇంతే. వంట ఉప్పు మీద పిండితే నురగ రాదు. అది సోడియం క్లోరైడ్, వేరే లవణం. కాచినప్పుడు సున్నం కొంత అడుగుకు దిగుతుంది గాని ఈ ఉప్పు నీటిలోనే ఉండిపోతుంది. బి.పి.కి చేటు చేసేది ఇందులోని సోడియమే.

పెద్దవారికి రోజుకు 5 గ్రాములలోపు ఉప్పే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లీటరుకు 1 గ్రాము ఉప్పున్న నీళ్లు రోజుకు 3 లీటర్లు తాగితే, అన్నం ముట్టకముందే 3 గ్రాములు లోపలికి పోయినట్టే. మనలాంటి డెల్టాయే అయిన బంగ్లాదేశ్ తీరంలో, ఉప్పునీరు తాగే గర్భిణులలో బి.పి. ఎక్కువగా ఉన్నట్టు పరిశోధకులు గుర్తించారు.

దీనికి మందు మన చూరు నుంచే జారిపోతోంది. సముద్రపు నీరు ఆవిరైనప్పుడు ఉప్పు కిందనే ఉండిపోతుంది కనుక వాన నీటిలో లవణాలు బహు తక్కువ. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కరగడం వల్ల దానికి కొద్దిగా ఆమ్లగుణం ఉంటుంది. అది హాని చేయదు. సిమెంటు తొట్టిలో నిలవచేస్తే గోడల్లోని సున్నం ఆ గుణాన్ని విరిచేస్తుంది. "చప్పటి నీళ్లు, బలం ఉండదు" అనే భయం వద్దు. కాల్షియం పాలు, రాగులు, ఆకుకూరల నుంచి వస్తుంది.

50 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 500 లీటర్లు. నష్టం పోను 400 లీటర్లు దక్కినా, రోజుకు 20 లీటర్ల చొప్పున తాగడానికి, వంటకు 20 రోజులు వస్తాయి.

డాబా ఊడ్చి ఉంచండి. మొదటి వాన నీటిని వదిలేయండి. తర్వాతి నీటిని శుభ్రమైన గుడ్డతో వడకట్టి, దోమలు దూరకుండా మూత వేయండి. కాచి చల్లార్చి తాగండి. బి.పి. మాత్రలు మాత్రం డాక్టరు గారు చెప్పకుండా మానవద్దు.

లక్షలు పోసి డాబా వేసుకునే మనం, పక్కనే ఒక తొట్టి కట్టించుకోలేమా? పెద్ద కప్పులున్న బడులు, ప్రార్థనా మందిరాలు ముందు నిలిస్తే ఊరంతా చూసి నేర్చుకుంటుంది. వచ్చే వానకే మొదలుపెట్టండి.