మజిలీలు ఉండవచ్చు, కాశీ కూడా ఉండాలి

క్రిస్టఫర్ నోలన్ అభిమానుల మధ్య ఏళ్ల తరబడి ఒక తగవు నడుస్తున్నది. 2024 మార్చిలో "ఓపెన్‌హైమర్" చిత్రానికి ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు సహా 7 ఆస్కార్ పురస్కారాలు వచ్చాక అది సద్దుమణుగుతుందని కొందరు ఆశించారు. సద్దుమణగకపోగా ముదిరింది. మనుమల వయసు పిల్లలు మొదలుకొని నడివయసు వారి దాకా ఈ వాదంలో దిగనివారు అరుదు. సినిమాల సంగతి తెలుగు పంతులుకెందుకని చదువరులు అడగవచ్చు. కావ్యశాస్త్రం కొంత చదువుకున్నవాడికి ఈ తగవులో చెప్పదగిన మాట ఒకటున్నదని నా నమ్మకం.

ముందుగా ఉభయపక్షాల వాదమూ వినిపిస్తాను. మొదటి పక్షం వారు అంటారు కదా: 1998లో "ఫాలోయింగ్" అనే చిత్రాన్ని సుమారు 6,000 డాలర్లతో, మిత్రులను వెంటబెట్టుకొని, వారాంతపు సెలవులలో తీసిన మనిషి; 2000లో "మెమెంటో"లో కథాకాలాన్ని తలక్రిందులు చేసి, జ్ఞాపకశక్తి నిలవని మనిషి దుఃఖాన్ని ప్రేక్షకుడి అనుభవంగా మార్చిన మనిషి; అటువంటివాడు 2005 నుంచి 2012 దాకా మూడు బాట్‌మన్ చిత్రాలు తీశాడు. ముసుగు వేసుకొని దొంగలను తన్నే వీరుడికి తన ప్రతిభను అద్దెకిచ్చాడు. ఆ కాలమంతా వృథా.

రెండవ పక్షం వారు దీనికి పూర్తిగా ఎదురు. 2008 నాటి "ది డార్క్ నైట్" ఆయన శిఖరమనీ, తరువాతివన్నీ దిగువ మెట్లేననీ, ఆయన మళ్లీ ఆ గబ్బిలపు వీరుడి దగ్గరికి వస్తేనే తమకు పండుగ అనీ వీరి వాదం.

రెండు పక్షాలకూ మూలం ఒకటే భ్రమ. వీరగాథ వేరు, కళ వేరు అనీ, నోలన్ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దూకాడనీ ఇద్దరూ ఒప్పుకుంటున్నారు. ఏది మంచి గట్టు అన్న దగ్గరే వారికి తేడా.

మన లాక్షణికులు ఈ చిక్కును ఏనాడో విప్పారు. ధనంజయుడు దశరూపకంలో ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు తెగలు చేశాడు. లోకానికి ముందే తెలిసినది ప్రఖ్యాతం. కవి స్వయంగా కల్పించినది ఉత్పాద్యం. రెండూ కలిసినది మిశ్రం. మనుచరిత్ర పాఠం చెప్పేటప్పుడు తరగతిలో ఏటా ఎవరో ఒక పిల్లవాడు లేచి, "కథ మార్కండేయ పురాణంలో ఉన్నదే కదండీ, ఇక పెద్దన గొప్పేమిటి?" అని అడిగేవాడు. పురాణంలో ఉన్న ప్రవరుడికీ పెద్దన ప్రవరుడికీ మధ్య ఉన్న దూరమే పెద్దన గొప్ప అని చెప్పేవాణ్ణి. తెలిసిన కథ చెప్పడం కవికి తేలిక కాదు. వినేవాడికి తరువాతి ఘట్టం ముందే తెలుసు; కనుక "ఏమవుతుంది" అన్న కుతూహలం మీద ఆధారపడి కవి గట్టెక్కలేడు.

ఈ కొలతతో చూస్తే మొదటి పక్షం వారి అభ్యంతరం నిలవదు. "ఇన్‌సోమ్నియా" 1997 నాటి నార్వే చిత్రానికి పునర్నిర్మాణం. "ది ప్రెస్టీజ్" క్రిస్టఫర్ ప్రీస్ట్ నవల. "డన్‌కర్క్" చరిత్ర. "ఓపెన్‌హైమర్"కు కై బర్డ్, మార్టిన్ షెర్విన్ వ్రాసిన జీవితచరిత్ర ఆధారం. "మెమెంటో"కు సైతం ఆయన తమ్ముడు జొనాథన్ వ్రాసిన కథే బీజం. వీటిని మెచ్చుకొంటూ బాట్‌మన్ దగ్గర మాత్రం "ఇది ఇతరుల సొత్తు" అని ముఖం చిట్లించడంలో న్యాయం లేదు.

మన తెలుగువారికి గబ్బిలం అనగానే జాషువా స్ఫురిస్తారు. అశుభమని లోకం తరిమే జీవిని ఆయన కడజాతివాడి గోడు శివుడికి విన్నవించే దూతగా చేశారు. 1939లో అమెరికాలో పుట్టిన గబ్బిలపు వీరుడికి అంతటి బరువు లేదు. అది పిల్లల బొమ్మల కథ. అయినా ఒక పోలిక ఉన్నది. భయం గొలిపే రూపాన్ని తీసుకొని దానితో ఏమి చెప్పించగలవన్నదే రెండుచోట్లా పరీక్ష. 1997లో వచ్చిన "బాట్‌మన్ అండ్ రాబిన్" నవ్వులపాలయ్యాక ఆ పాత్రను ఇక ఎవరూ గంభీరంగా తీసుకోరనే చాలామంది భావించారు. 2005లో "బాట్‌మన్ బిగిన్స్"తో నోలన్ చేసిన పని, ఆ వీరుడి ముసుగు కంటె ముందు అతని భయాన్ని చూపడం.

ఇక ఆ మూడు చిత్రాలూ వృథా అన్నవారు ఒక సూత్రాన్ని పట్టి చూడాలి. "ది డార్క్ నైట్"లో రెండు పడవలుంటాయి. ఒకదానిలో పౌరులు, మరొకదానిలో ఖైదీలు. ఎదుటి పడవను పేల్చే మీట ఒక్కొక్కరి చేతికి ఇచ్చి, ముందు నొక్కినవారే బ్రతుకుతారని జోకర్ చెబుతాడు. ఎవరూ నొక్కరు. అదే చిత్రంలో నగరంలోని ప్రతి ఫోనునూ చెవిగా, కన్నుగా మార్చే యంత్రం ఒకటి వీరుడు నిర్మిస్తాడు. ఇంతటి అధికారం ఒక్కరి చేతిలో ఉండరాదని అతని మంత్రివంటి ఫాక్స్ నిలదీస్తాడు. పని తీరగానే యంత్రం ధ్వంసమవుతుంది. 2012 నాటి "ది డార్క్ నైట్ రైజెస్"లో లోకానికి వెలుగివ్వడానికి నిర్మించిన అణుయంత్రాన్ని, బాంబుగా మారుతుందేమోనన్న భయంతో వీరుడు దాచివేస్తాడు. భయపడినట్లే అవుతుంది, అది చేయగలిగిన శాస్త్రవేత్తను దుండగులు ఎత్తుకుపోతారు. 2020లో "టెనెట్" చిత్రంలో ఒక పాత్ర ఓపెన్‌హైమర్ పేరే ఎత్తి, తాను చేసిన ఆయుధానికి తానే బెదరిన శాస్త్రవేత్త సంగతి చెబుతుంది. 2023లో ఓపెన్‌హైమర్ స్వయంగా తెరకెక్కాడు.

"చేయగలిగిన ఆయుధాన్ని చేయవచ్చునా? చేసినాక ఎవరి చేతిలో ఉంచాలి?" అన్న ఒక్క ప్రశ్న ఈ 15 ఏళ్లూ ఆయన వెంట నడిచింది. పాత్రధారులు కూడా వెంట నడిచారు. బాట్‌మన్ చిత్రాలలో దిష్టిబొమ్మ ముసుగు తొడుక్కున్న సిలియన్ మర్ఫీయే ఓపెన్‌హైమర్ అయ్యి ఉత్తమ నటుడి ఆస్కార్ అందుకున్నాడు. "ది డార్క్ నైట్"లో కొన్ని ఘట్టాలకు పట్టిన పెద్ద ఐమాక్స్ కెమెరాలే "ఓపెన్‌హైమర్" ముఖకవళికలనూ పట్టాయి. ఒకటి లేక మరొకటి లేదు. గట్టు మారలేదు, ఏరు పారుతూ వచ్చింది.

వీరగాథ తక్కువ జాతి అన్న చులకన పండితులనబడేవారిలోనూ ఉన్నది. 2009 ఆస్కార్ పురస్కారాలకు "ది డార్క్ నైట్" 8 విభాగాలలో పోటీపడింది. అప్పటికి ఏడాది క్రితమే మరణించిన హీత్ లెడ్జర్‌కు జోకర్ పాత్రకుగాను సహాయనటుడి పురస్కారం వచ్చింది. కాని ఉత్తమ చిత్రం వరుసలో దానికి చోటు దక్కలేదు. కొద్ది నెలలకే అకాడమీ ఆ వరుసను 5 చిత్రాల నుంచి 10కి పెంచింది. కారణం ఈ చిత్రమేనని లోకం చెప్పుకొన్నది.

ఇంతవరకు చదివినవారు నన్ను రెండవ పక్షంలో చేర్చవచ్చు. అక్కడ కూడా నాకు చోటు లేదు.

2019 అక్టోబరులో మార్టిన్ స్కోర్సేసీ మార్వెల్ సంస్థవారి చిత్రాలు తన దృష్టిలో సినిమా కావనీ, వినోదపు ఉద్యానాల వంటివనీ అన్నారు. పెద్ద దుమారం రేగింది. వయసు పైబడినవాడి అసూయ అన్నారు కొందరు. తరువాతి నెలలో ఆయన వివరంగా వ్రాసిన వ్యాసం చదివితే బాధ అర్థమవుతుంది. ఆ చిత్రాలలో దేనికీ నిజమైన అపాయం లేదన్నది ఆయన ఆరోపణ. నోలన్ అభిమానులు ఈ మాటను నోలన్‌కూ అన్వయించి కోప్పడ్డారు. అన్వయించనక్కరలేదు. ఆ ఆరోపణ ఎక్కడ తగులుతుందో, ఎక్కడ తగలదో చూడాలి.

2008లోనే రెండు దారులు చీలాయి. ఆ ఏడు మే నెలలో "ఐరన్‌మాన్" వచ్చింది, జూలైలో "ది డార్క్ నైట్" వచ్చింది. రెండూ మంచి చిత్రాలే. ఒక దారి 2012లో ముగిసింది. మరొక దారి ఇప్పటికీ ముగియలేదు. 2019లో "ఎండ్‌గేమ్"లో ఐరన్‌మాన్ మరణిస్తే థియేటర్లలో పిల్లలూ పెద్దలూ కన్నీరు పెట్టుకున్నారు. ఆ కన్నీరు నిజమైనది. 2024 జూలైలో అదే నటుడు రాబర్ట్ డౌనీ మరో ముసుగుతో, ప్రతినాయకుడిగా ఆ కథాప్రపంచానికి తిరిగి వస్తాడని ప్రకటించారు, చప్పట్లు మ్రోగాయి. 2017 నాటి "లోగన్"లో వృద్ధుడైన వీరుడు ఒక బాలికను కాపాడుతూ ప్రాణం విడుస్తాడు. వీరగాథలలో అంత గంభీరమైన ముగింపు అరుదు. 2024లో "డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్" మొదటి ఘట్టమే ఆ సమాధిని తవ్వడం, అందులోని ఎముకలను ఆయుధాలుగా చేసుకొని హాస్యంగా యుద్ధం చేయడం. ఇప్పుడు వచ్చిన లోగన్ వేరొక విశ్వంవాడని అభిమానులు సమాధానం చెబుతారు. సరే. నేను ఏడ్చినది ఏ విశ్వంవాడి కోసం?

"మన పురాణాలు మాత్రం? కృష్ణుడి కథ వేల ఏళ్లుగా చెప్పుకోవడం లేదా?" అని ఎదురుప్రశ్న రావచ్చు. మంచి ప్రశ్న. చెప్పుకుంటున్నాము, కాని మొదటి నుంచి చెప్పుకుంటున్నాము. మళ్లీ చెప్పడం వేరు, పొడిగించడం వేరు. విరాటపర్వం నుంచి 15 పర్వాలు తెనిగించిన తిక్కన, యుద్ధం ముగిసింది కదా అని చేయి కడుగుకోలేదు. మౌసలపర్వంలో వేటగాడి బాణానికి కృష్ణుడు కూలడమూ చెప్పవలసివచ్చింది, మహాప్రస్థానంలో ద్రౌపదీ తమ్ములూ ఒక్కొక్కరుగా రాలిపోతుంటే ధర్మరాజు వెనుదిరిగి చూడకుండా నడవడమూ చెప్పవలసివచ్చింది. "మాయాబజార్"లో శశిరేఖ కథ మూలభారతంలో లేకపోవచ్చు. అయినా ఆ పెళ్లి జరిగాక కథ ముగిసింది. కాశీమజిలీ కథలలో ఎన్ని మజిలీలు! ప్రతి మజిలీకి ఒక కథ, కథలో కథ. అయినా బాటసారులకు చేరవలసిన కాశీ ఒకటున్నది. అందుకే 2022లో మాట్ రీవ్స్ బాట్‌మన్‌ను కొత్తగా మొదటి నుంచి చెప్పినందుకు నాకు అభ్యంతరం లేదు. పాత కథను మరో కవి చెప్పాడు, అంతే.

ఈ వీరగాథలకు కాశీ లేకుండా పోవడానికి కారణం కళలో లేదు, సొత్తులో ఉన్నది. వ్యాసుడి కథకు యజమాని లేడు; నన్నయకూ పోతనకూ ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది. అమెరికా వీరులకు యజమానులున్నారు. 1938లో సూపర్‌మాన్‌ను సృష్టించిన సీగెల్, షుస్టర్ అనే ఇద్దరు కుర్రవాళ్లు 130 డాలర్లకు హక్కులు వదులుకున్నారు. బాట్‌మన్ రూపకల్పనలో సగపాలు ఉన్న బిల్ ఫింగర్ పేరు 2015 దాకా అధికారికంగా పక్కన చేరనేలేదు. అప్పటికి ఆయన పోయి 40 ఏళ్లు దాటింది. పాత్రను సొత్తుగా చూసే యజమాని దానిని చావనివ్వడు. పాలిచ్చే ఆవును ఎవరు వదులుకుంటారు? వీరుడు చావడని తెలిశాక అతని ధైర్యానికి విలువేమిటి? భయానికి చోటు లేని చోట వీరరసానికీ చోటు లేదు. కరుణకు అసలే లేదు.

నోలన్ ఆ యజమానుల కొలువులోనే పనిచేసి కూడా కథకు తలుపు వేసి బయటికి వచ్చారు. ఆయనలో లోపాలు లేవనను. స్త్రీ పాత్రలు పలుచన. కొన్నిచోట్ల నేపథ్య సంగీతపు హోరులో మాట వినబడదు. మూడవ బాట్‌మన్ చిత్రం చివర వీరుడు బాంబుతో సముద్రం మీదికి ఎగిరిపోయాక, ఇటలీలో ఒక కాఫీ కొట్టులో అతణ్ణి సజీవంగా చూపించడం కొంత మెత్తదనమే. అయినా అక్కడ బాట్‌మన్ లేడు, ముసుగు తీసివేసిన ఒక మనిషి ఉన్నాడు. అతని కథ మళ్లీ మొదలుకాలేదు. "నాలుగవది తీయండి" అని ఇన్నేళ్లుగా అడుగుతున్నవారిని ఆయన లెక్కచేయలేదు.

కనుక రెండవ పక్షంలోని మిత్రులకు నా మనవి. మీరు అంతగా ప్రేమిస్తున్న చిత్రానికి ఆ బలం, అది ఆగిపోవడం వలన కూడా వచ్చింది. నాలుగవది కోరడమంటే మూడింటినీ పలుచన చేయమని కోరడమే. మొదటి పక్షం వారికి కూడా ఒక మనవి. ముసుగును చూసి కథను తీసివేయకండి; పెద్దన చేతికి అందిన ప్రవరుడు కూడా ఒకనాడు ఎవరో చెప్పిన కథలోని బ్రాహ్మణుడే. మళ్లీ ఎప్పుడైనా ఒక వీరగాథ చూడబోయే ముందు, అందులో అతిమానుష శక్తులున్నాయా లేవా అని అడగకండి. ఇందులో ఎవరైనా నిజంగా పోగలరా, పోతే పోయినట్లే ఉంటారా అని అడగండి. అవునంటే టిక్కెట్టు కొనుక్కోండి.