సెంటీమీటరు లోతులో గోపురం!

ఎర్రగుంట్ల వైపు ఇళ్లలో గచ్చుకైనా అరుగుకైనా నాపబండలే. పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి కాబట్టి పలకల్లా లేస్తుంది. అలాంటి పలుచటి బండమీద ఓ బొమ్మ చెక్కాలి. ముందు దణ్ణం పెడుతున్న భక్తుడు, వెనక పది మీటర్ల దూరంలో గోపురం. తొలవడానికి ఉన్న లోతు ఒక్క సెంటీమీటరే. ఎలా?

పది మీటర్లని సెంటీమీటరుకి కుదిస్తే సరి అనుకుంటాం. అంటే లోతంతా వెయ్యో వంతు అవుతుంది. అప్పుడు రెండు సెంటీమీటర్ల ముక్కు మిల్లీమీటరులో యాభయ్యో వంతే... తలవెంట్రుక మందం కూడా ఉండదు! భక్తుడికి ముఖమే మిగలదు. రాయంతా ఎటు పోయింది? మనిషికీ గోపురానికీ మధ్య ఉన్న గాలికి!

కంప్యూటర్‌తో ఉబ్బెత్తు శిల్పాలు తయారుచేసే పరిశోధకులు తలపట్టుకున్నదీ ఇక్కడే. ఇటలీ పరిశోధకులు 1997లోనే ఓ పద్ధతి చెప్పారు. దగ్గరి వస్తువుకి ఎక్కువ లోతు, దూరపుదానికి తక్కువ. 2007లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ బృందం ఇంకాస్త ముందుకెళ్లింది. వాళ్లు ఎత్తుల్ని వదిలేసి వాలుల్ని పట్టుకున్నారు. ప్రతి చుక్క నుంచీ పక్క చుక్కకి ఎంత ఎక్కాలి, ఎంత దిగాలి అన్నదే లెక్క. భుజం అంచు దాటగానే గోపురం దాకా పడే అగాధాన్ని కత్తిరించేస్తారు. బుగ్గ, కనురెప్ప, పంచె మడతల్లాంటి చిన్న వాలుల్ని మాత్రం కాపాడతారు. ఆ వాలులన్నిటినీ మళ్లీ కలిపి ఎత్తులు కడితే బండలో ఇమిడే బొమ్మ వస్తుంది. ఆ కొలతల్ని యంత్రానికిస్తే చెక్కేస్తుంది.

నిజానికి మన శిల్పులకిది కొత్తేం కాదు. అదే కడప జిల్లాలో, పెన్న ఒడ్డున పుష్పగిరి చెన్నకేశవాలయం గోడలమీద రామాయణ, భారత కథలున్నాయి. అక్కడ శిల్పి మధ్యలో గాలికి రాయి ఖర్చుపెట్టలేదు. పైగా ఏ పొర ఎక్కడ లేచిపోతుందో ఉలిదెబ్బ చప్పుడుతోనే పోల్చుకునే చెవి యంత్రానికి ఇంకా లేదు.

ఇంతకీ అంత పలుచటి బొమ్మ మన కంటికి నిండుగా ఎలా కనిపిస్తుంది? 1990ల చివర్లో ముగ్గురు శాస్త్రవేత్తలు దీన్ని గణితంతో నిరూపించారు. మెరుపులేని బొమ్మని లోతు తగ్గించి చెక్కి, వెలుగు పడే దిక్కుని తగినట్టు మారిస్తే, ఎదురుగా చూసేవాళ్లకి నీడలు అసలు బొమ్మకున్నట్టే ఉంటాయట. బాగా పక్కకి వెళ్లి చూస్తే మాత్రం గుట్టు రట్టే!