పైథాన్ చెత్త ఎత్తేస్తుంది.. మరి మనం పట్టుకు కూర్చున్నదో?

'పైథాన్‌లో మెమరీ గురించి మనం పట్టించుకోనక్కర్లేదు, అదే చూసుకుంటుంది'. ల్యాబుల్లో తరచూ వినిపించే మాట ఇది. ఇంటర్వ్యూలో దీన్నే అప్పజెప్పారనుకోండి.. 'మరి మా సర్వర్ మూడు రోజులకోసారి ఎందుకు పడిపోతోంది?' అని అడిగితే ఏం చెప్తారు? ల్యాబ్ ప్రోగ్రామ్ రెండు సెకన్లలో ముగుస్తుంది. అది వదలని మెమరీని ఆపరేటింగ్ సిస్టమే వెనక్కి లాక్కుంటుంది. నెలల తరబడి ఆగకుండా నడిచే సర్వర్‌కు ఆ వెసులుబాటు లేదు.

ఒక ఆబ్జెక్టును ఎన్ని చోట్ల నుంచి వాడుతున్నామో పైథాన్ లెక్కపెడుతుంది. లెక్క సున్నా అయితే మెమరీ ఖాళీ చేస్తుంది. రెండు ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతుంటే వాటిని విడదీయడానికి గార్బేజ్ కలెక్టర్ ఉంది. కానీ గ్లోబల్ డిక్షనరీలో మీరే దాచి మరిచిపోయినదాన్ని అది చెత్త అని ఎలా అనుకుంటుంది? ప్రతి రిక్వెస్టుకూ ఒక ఎంట్రీ చేరుస్తూ ఏదీ తీసేయని క్యాష్‌ను ముందు అనుమానించండి. ఎల్ఆర్‌యూ క్యాష్ డెకరేటర్ మామూలుగా 128 ఫలితాలే దాస్తుంది. మ్యాక్స్‌సైజ్‌కు 'నన్' ఇచ్చారో, ఇక హద్దే లేదు. దాన్ని క్లాసులోని మెథడ్ మీద పెడితే ఆ 'సెల్ఫ్' ఆబ్జెక్టు కూడా క్యాష్‌లోనే ఉండిపోతుంది. ఇది అనుభవజ్ఞుల కోడ్‌లోనూ కనిపిస్తుంది లెండి.

పట్టుకోవడం ఎలా? 2014లో వచ్చిన పైథాన్ 3.4 నుంచి ట్రేస్‌మాలాక్ మాడ్యూల్ భాషతోపాటే వస్తోంది. ప్రోగ్రామ్ కాసేపు నడిచి కుదురుకున్నాక ఒక స్నాప్‌షాట్ తీయండి. వెయ్యి రిక్వెస్టులు పంపి ఇంకోటి తీయండి. రెండింటినీ పోలిస్తే ఏ ఫైల్‌లో, ఏ లైన్‌లో కేటాయించిన మెమరీ పెరిగిందో తెలుస్తుంది. ఎవరు పట్టుకున్నారో మాత్రం మీరే వెతకాలి. సీ భాషలో రాసిన లైబ్రరీలు నేరుగా తీసుకునే మెమరీ దీనికి కనిపించదు. ప్రాసెస్ మెమరీ పెరుగుతూ ఈ అంకెలు కదలకపోతే అటువైపు చూడండి. గ్రాఫ్ పైకెక్కి అక్కడే నిలిచిపోతే కంగారొద్దు. పైథాన్ ఖాళీ చేసిన మెమరీ అంతా వెంటనే సిస్టమ్‌కు తిరిగి వెళ్లదు. ఆగకుండా ఎక్కుతూనే ఉంటే అప్పుడు వెతకాలి.

రోజూ రాత్రి సర్వర్ రీస్టార్ట్ చేసి గట్టెక్కే టీములూ ఉన్నాయి. అవసరానికి అది తప్పు కాదు కానీ, ఇంటర్వ్యూలో అదొక్కటే జవాబైతే మార్కులు పడవు. ఫైనలియర్ ప్రాజెక్టు మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంది కదా. ఈ ఆదివారం దానికి ఓ పదివేల రిక్వెస్టులు పంపి చూడండి. లీక్ దొరికితే ఏ లైన్‌లో దొరికిందో, ఎలా సరిచేశారో రెజ్యూమేలో రెండు వాక్యాలు రాయండి. 'పైథాన్‌లో ప్రావీణ్యం' అనే పాత లైన్ తీసేసినా నష్టం లేదు.