ధర కోసం చేసే ప్రార్థన



మిరపకాయ కల్లాల మీద ఎండే నెలల్లో మాకు వచ్చే ప్రార్థన మనవులలో సగం ధర గురించే. "అయ్యగారూ, ఈసారి మంచి రేటు పలకాలని ప్రార్థన చేయండి" అంటారు. అది తప్పని మేము అనము. అప్పు తెచ్చి, కౌలు కట్టి, మందులు కొట్టి పండించినవాడు గిట్టుబాటు అడగడం పేరాశ కాదు. అయితే అవసరానికీ ఆశకూ మధ్యనున్న గట్టు ఎక్కడ తెగుతున్నదో చూచుకోవాలి.

2021-22లో నల్ల తామర పురుగు మన మిరప తోటలను పాడుచేసింది. ఎందరో చేలు దున్నేశారు. తరువాత సరుకు తక్కువై ధర పెరిగింది. 2023లో గుంటూరు యార్డులో మేలు రకం క్వింటా 20,000 రూపాయలు దాటింది. దేవుడు తమను ఆశీర్వదించాడని మందిరాల్లో సాక్ష్యాలు చెప్పారు. పంట పోయినవారు వెనుక వరుసలో కూర్చుని విన్నారు. 2025 ఫిబ్రవరి నాటికి ధర ఎంత పడిపోయిందంటే, కేంద్ర ప్రభుత్వమే 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. అప్పుడు సాక్ష్యానికి లేచినవారు ఏరీ? యార్డు రేటుతో పాటు దేవుడు కూడా తరిగిపోయాడా?

దీనికి తోడు, వెయ్యి కానుక వేస్తే నూరంతలు వస్తుందని చెప్పే బోధ ఒకటి ఊరూరా తిరుగుతున్నది. మత్తయి 13వ అధ్యాయంలో విత్తనమంటే వాక్యమని ప్రభువే విప్పి చెప్పాడు. అది వడ్డీ వ్యాపారం కాదు.

మన ఒంగోలు ప్రాంతపు చరిత్ర చూడండి. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి చూపించారు. మాదిగపల్లెల నుండి వేలాదిమంది వచ్చారు. పనిచోటనే సువార్త విన్నారు, బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూడు పెట్టే చేతితోనే బాప్తిస్మమిస్తే, వచ్చినవాడు క్రీస్తు కోసం వచ్చాడో గంజి కోసం వచ్చాడో వాడికే తెలియదు. సంఘం లెక్క పెంచుకోవడానికి అంతకంటె మంచి అదను దొరకదు గదా! పేరాశ రూపాయల మీదనే ఉండదు, తలల లెక్క మీద కూడా ఉంటుంది. బోధకులమైన మాకు ఆ రెండవది మరీ ప్రమాదం. ఆయన ఆకలి తీర్చారు, నీటి దగ్గరకు మాత్రం రానివ్వలేదు. కరువు సహాయం ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అప్పటికి ఇవ్వడానికి కూలి లేదు.

ఈ సంవత్సరం మా సంఘంలో కోత పండుగకు కానుక కవర్ల మీద పేర్లు వ్రాయవద్దనీ, మైకులో మొత్తాలు చదవవద్దనీ తీర్మానించాము. అర్పణ తగ్గుతుందని ఇద్దరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. తగ్గవచ్చును. మందిరం గోడ పని ఇంకా సగంలోనే ఉన్నది.