పదోవంతు ఇస్తే మిగతా తొమ్మిది వంతులు శుద్ధి అవుతాయా?



2018 జనవరిలో, మన కోనసీమలో సంక్రాంతి సందడి సద్దుమణుగుతున్న రోజుల్లో, అమెరికాలోని స్కాట్స్‌డేల్‌లో ఒక పాత కారును వేలానికి పెట్టారు. 1939 నాటి మెర్సిడెస్ బెంజ్ 770కె. లోపల ఉక్కు కవచం, తూటా దూరని మందపాటి అద్దాలు. 1940లో ఫ్రాన్స్‌ను ఓడించాక హిట్లర్ బెర్లిన్‌లో ఊరేగిన కారు అది. ఆ ఉక్కు అతణ్ణి తూటాల నుండి కాచింది గాని, 1945లో తన చేతి నుండి తనను కాచలేకపోయింది.

అమ్మేవారు ఒక మాట ఇచ్చారు: వచ్చిన సొమ్ములో పది శాతం యూదుల మారణహోమం గురించి నేర్పే పనికి ఇస్తామని. పాట 70 లక్షల డాలర్ల దాకా వెళ్లినా అమ్మకం కుదరలేదు.

పది శాతం! దశమభాగమన్నమాట. 60 లక్షలమంది యూదులను చంపించినవాడి పేరు మీద ధర పెంచుకొని, అందులో పదోవంతు వారి జ్ఞాపకానికి ఇస్తే సరిపోతుందా?

"ఇనుము ఏం పాపం చేసింది అయ్యగారూ?" అంటారు కొందరు. నిజమే, ఇనుముకు పాపం లేదు. హిట్లర్ వాడిన ఇంకో కారు కెనడాలో ఒట్టావా యుద్ధ మ్యూజియంలో ఉంది; చూసినవారు బుద్ధి తెచ్చుకుంటారు. మేము తప్పుపట్టేది కారును కాదు, ఆ పేరును సొమ్ము చేసుకోవడాన్ని.

అయితే ప్రియులారా, స్కాట్స్‌డేల్ దాకా ఎందుకు? కోడిపందెం బరిలో గెలిచిన డబ్బులో పదోవంతు మన కానుకల పెట్టెలో పడలేదా? ఓడినవాడి ఇల్లాలు పుస్తెలు తాకట్టు పెట్టి ఏడుస్తుంటే, గెలిచినవాడి కవరు మీద చేతులుంచి మేము ప్రార్థన చేయలేదా? చేశాం. ఆ తప్పు మాదే. అపవిత్రమైన సంపాదనను దేవుని మందిరానికి తేకూడదని ద్వితీయోపదేశకాండము 23:18 చెప్తుంటే, మందిరం స్లాబు ఖర్చు చూసి కళ్లు మూసుకున్నాం.

జక్కయ్య దశమభాగంతో తప్పించుకోలేదు. ఆస్తిలో సగం బీదలకిచ్చాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. రక్షణ ఆ ఇంటికి వచ్చింది.

కాబట్టి స్లాబు ఆగినా సరే, ఇకమీదట బరి డబ్బు మేము ముట్టం. ముందు ఓడినవాడి ఇంటికి వెళ్లండి, ఆ పుస్తెలు విడిపించండి. ఆ తర్వాత మీ కష్టార్జితంలోనుండి పది రూపాయలు తెచ్చినా, ఆనందంతో అందుకుంటాం.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.