కొండ దిగేటప్పుడు కాస్త చూసుకోండి!

తిరుమల ఘాట్‌ రోడ్డు దిగుతుంటే చక్రాల దగ్గర కాలిన వాసన వస్తోందా? బ్రేకులు బాగా వేడెక్కాయన్నమాట. చక్రంతోపాటు తిరిగే ఇనుప డిస్కును ప్యాడ్లు రెండువైపులా ఒత్తిపడితే కారు ఆగుతుంది. ఆ రాపిడితో వేడి పుడుతుంది. అదేపనిగా పెడల్‌ తొక్కితే డిస్కు చల్లారదు, ప్యాడ్ల పట్టు తగ్గుతుంది. బ్రేక్‌ ఆయిల్‌ మరిగితే పెడల్‌ తొక్కినా బండి ఆగదు.

అందుకే కొండ ఎక్కిన గేరులోనే దిగండి. న్యూట్రల్‌ అసలే వద్దు. వాసన వస్తే భద్రమైన చోట ఆపి చల్లారనివ్వండి. వేడి డిస్కుపై నీళ్లు పోస్తే పగలొచ్చు, వంగొచ్చు.

బ్రేకు వేస్తే కీచుమంటోందా, స్టీరింగ్‌ వణుకుతోందా? ప్యాడ్లు, డిస్కులు చూపించండి. డిస్కు మీద ఉండే కనీస మందం కన్నా అరిగితే ఎడమా కుడీ రెండూ మార్పించాల్సిందే. ప్రయాణానికి ముందే ఈ పని చేయిస్తే ఇంటిల్లిపాదీ నిశ్చింతగా కొండ దిగొచ్చు.